కాలు తగలని బండి

పోయిన నెల మా మేనల్లుడు వంశీ సుబేదారిలోని మా ఇంటికి వచ్చి, గుమ్మంలో చెప్పులు విడుస్తూనే నాలుగు వాక్యాలు రాసిమ్మని అడిగాడు. వంశీ మా చిన్నబాపు మనవడు. బాపు అంటే నాన్న, చిన్నబాపు ఆయన తమ్ముడు. ఈ పిల్లగాడు హనుమకొండలో గానుగ నూనెల దుకాణం తెరుస్తున్నాడు. అద్దాల తలుపులు, చెక్క అరలు, అత్తరు సీసాల్లాంటి చిన్న చిన్న గాజు సీసాల్లో నూనె. లోపలికి అడుగు పెట్టగానే ఎదురుగా కనిపించేట్టు మా బాపు మోటార్ సైకిల్‌ను ఒక దిమ్మె మీద నిలబెడతాడట. దాని వెనక గోడ మీద ఆ నాలుగు వాక్యాలు ఉండాలట. "నువ్వు కథలు రాస్తవు గద అత్తమ్మా, జర మనసుకు తాకేటట్టు రాయి," అన్నాడు. ఎలా ఉండాలో నమూనా కూడా ఫోన్లో చూపించాడు. పెద్దతాత ఈ బండికి నూనె డబ్బాలు కట్టుకుని ఊరూరా తిరిగి, ఇంటింటికీ స్వచ్ఛమైన నూనె అందించాడని ఉంది అందులో. మా బాపు బతికున్నన్నాళ్లూ ఆ బండి మీద ఒక్క నూనె డబ్బా పెట్టనివ్వలేదు. నూనె చేతులతో హ్యాండిల్ ముట్టుకుంటేనే గుడ్లురిమేవాడు. ఆ మాట చెప్పాను. వంశీ నవ్వి, అది ఎవరికి తెలుసు అత్తమ్మా అన్నాడు.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. బండికి ఎర్ర రంగు వేయిస్తున్నానని చెప్పాడు. అది నల్ల బండిరా అన్నాను. ఎరుపైతే ఫొటోల్లో బాగా పడుతుందట. మరి ఇంజన్ సంగతేమిటని అడిగాను. అప్పుడు చెప్పాడు అసలు మాట. "ఇంజన్ ఎప్పుడో పట్టేసింది అత్తమ్మా. లోపల పిస్టన్ కదుల్తలేదు. గౌస్ భాయ్‌కి చెప్పిన, అంతా వెల్డింగ్ చేసి మూసేయమని. అప్పుడు పిల్లలు ఎక్కి ఫొటోలు దిగినా ఫికర్ ఉండదు." ఎంత తేలిగ్గా అన్నాడో. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఆ ఇంజన్ ఎందుకు పట్టేసిందో నీకు తెలుసా అని అడిగాను. పాతదయితే పట్టేయదా అన్నాడు. పాతదయి పట్టేయలేదు, మీ తాత పట్టేయించాడు అన్నాను. వాడికి అర్థం కాలేదు. వాడికి అర్థం కావాలని నేను కూడా అనలేదేమో, నలభై ఏళ్లకు పైగా గొంతులో ఉన్న మాట ఎవరో ఒకరి ముందు పడాలి కదా. చివరికి పంతం పట్టాను. ఆ ఇంజన్ తిరుగుతుంది, తిప్పి చూపిస్తాను, అప్పటిదాకా వెల్డింగు మాట ఎత్తవద్దు అన్నాను. దసరాకు దుకాణం ప్రారంభం. ఆలోపు ఇంజన్ తిరిగితే బండి నీదే అత్తమ్మా, తిరగకపోతే మాత్రం దిమ్మె మీదికే అని, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పి వెళ్లిపోయాడు. పోతూ పోతూ నాలుగు వాక్యాల సంగతి మళ్లీ గుర్తు చేశాడు. అవి ఇవే. నాలుగులో ఇమడలేదు.

మరునాడు పొద్దున్నే ఆటో కట్టించుకుని కొత్తవాడ పోయాను. మెకానిక్ గౌస్ భాయ్ షెడ్డు ఒక జంపఖానాల మగ్గాల ఇంటిని ఆనుకుని ఉంటుంది. ఇటు సుత్తి దెబ్బలు, అటు మగ్గం దెబ్బలు, మధ్యలో మాట వినపడాలంటే కాస్త గొంతు పెంచాలి. ఆయనకు గొంతు పెంచడం ఇబ్బంది కాదు. మాటకారి, తన పని మీద తనకు బోలెడంత నమ్మకం. వంశీ అప్పటికే పంపించిన బండి షెడ్డు మూలన, స్టాండు మీద ఉంది. నేను దాన్ని దగ్గరగా చూసి ఎన్నేళ్లయిందో. ట్యాంకు మీద పసుపు, దాని మీద కుంకుమ, దాని మీద మళ్లీ పసుపు, పొరలు పొరలుగా గట్టిపడి పెచ్చులు లేస్తున్నాయి. ముందు చక్రం పుల్లల మధ్య ఎండిన బంతిపూల దారాలు ఇంకా వేలాడుతున్నాయి. హెడ్‌లైటు అద్దం మీద గంధం బొట్టు. దాన్ని ఎందుకు కడగలేదని అడిగితే, మీ పూజది కదా అక్కా, నేను గోకితే మంచిగుండదని అట్లనే పెట్టిన అన్నాడు గౌస్ భాయ్. ఒక రేకు ముక్క తీసుకుని నేనే గోకాను. లోపలి నలుపు కనిపించేదాకా గోకాను. కిక్ రాడ్డు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. దాని రబ్బరు మీద కూడా కుంకుమ బొట్టు ఉంది. కాలు పెట్టే చోట బొట్టు పెట్టారు మహానుభావులు.

మా దుకాణం మండిబజారు దగ్గరి గల్లీలో ఉండేది. ముందు దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో బండి నిలబడే సందు. పొద్దున నాయనమ్మ చెక్క పలకలు ఒక్కొక్కటి తీసి గోడకు ఆనించే చప్పుడుతోనే మేం లేచేవాళ్లం. ఆమె ముందుగా చేసే పని దీపం పెట్టడం కాదు, నూనె డబ్బాల కింది నల్లాలు తుడవడం. పాత బనియను గుడ్డ ఒకటి నడుముకు దోపుకుని ఉండేది. నువ్వుల నూనె డబ్బా, పల్లి నూనె డబ్బా, ఆముదం, చివరికి కుసుమ నూనె. కళ్లు మూసుకుని నిలబెట్టినా ఏ డబ్బా ముందు ఉన్నామో చెప్పేవాళ్లం. కుసుమ నూనెది ఎండుగడ్డిలో కాస్త చేదు కలిసినట్టుండే వాసన. అన్నిట్లోకీ ఖరీదైనది, అన్నిట్లోకీ గయ్యాళిది కూడా అదే. నల్లా కొసన చుక్క తుడవకుండా వదిలేస్తే రెండు రోజుల్లో బంకయ్యేది. ఇంకొన్నాళ్లు వదిలితే లక్కలా గట్టిపడి నల్లాను బిగించేసేది. మా చిన్నబాపు అట్లా బిగిసిన నల్లాను తూకం రాయితో కొట్టబోతే నాయనమ్మ రాయి లాక్కునేది. వేడి నీళ్లలో ముంచిన గుడ్డ చుట్టి, కాసేపు తన పని తాను చేసుకుని, మళ్లీ వేడి గుడ్డ చుట్టి, ఇటు కాస్త అటు కాస్త తిప్పుతూ ఉండేది. బలం పెట్టేది కాదు. దుకాణానికి సీసాలు పట్టుకొచ్చిన ఆడవాళ్లు నిలబడే ఉండేవాళ్లు. నిలబడితే నిలబడనీ అనేది.

బాపుకు దుకాణంలో కూర్చోవడం గిట్టేది కాదు. ఆయన పని బయట. ఎనుమాముల మార్కెట్‌కు పోయి పల్లి, కుసుమలు, నువ్వులు బేరం చేసి, సంచులు ఎడ్లబండెక్కించి రావడం. అందుకోసమే ఆ మోటార్ సైకిల్ కొన్నాడు. గల్లీలో అందరూ దాన్ని ఫట్‌ఫటి అనేవాళ్లు. మధ్యాహ్నం భోజనం వేళకు దాని చప్పుడు గల్లీ మలుపులో వినపడగానే అమ్మ పొయ్యి మీద పెనం పెట్టేది. బాపు వచ్చేసరికి రొట్టె పొంగుతూ ఉండాలి. ఆయన ఒంటి నుంచి మార్కెట్ మిరప ఘాటు, పెట్రోలు కలిసి వచ్చేవి. మా ఇంట్లో మగవాళ్లందరి దగ్గరా నూనె వాసన వచ్చేది, ఆయన ఒక్కడి దగ్గర తప్ప. ఆ సంగతికే నాకు ఆయనంటే గొప్పగా ఉండేది. ఆదివారం సాయంత్రాలు నన్ను వెనక కూర్చోబెట్టుకుని ఖిలా వరంగల్ వైపు తీసుకుపోయేవాడు. మట్టికోట గోడ పక్కన జన సంచారం లేని దారి ఒకటి ఉండేది. అక్కడ నన్ను ముందు కూర్చోబెట్టి నేర్పించాడు. గేరు వేయడం తర్వాత, ముందు కిక్ కొట్టడం. కిక్ అంటే ఎగిరి తన్నడం అనుకున్నాను నేను. కాదన్నాడు. "మొదలు మెల్లగ తొక్కు, బరువు తగిలేదాక. ఆడ పిస్టన్ ఊపిరి బిగబట్టుకుంటది. ఆ బరువును దాటించి, అప్పుడు తన్ను." చీర కట్టడం కూడా సరిగ్గా రాని వయసులో నాకు ఆ బరువు తెలిసింది. కాలికింద ఒక గట్టి ఊపిరి ఆగడం, తుస్సున వదలడం. మా వీధిలో ఏ ఆడపిల్ల కాలికీ తెలియని సంగతి అది.

తర్వాత బాపుకు పక్షవాతం వచ్చింది. దవాఖానలో కొన్నాళ్లు ఉంచి ఇంటికి పంపించారు. ముందు గదిలో, సందు వైపు కిటికీ పక్కన మంచం వేశాం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట ముద్దముద్దగా వచ్చేది. అట్లా పడుకుని కూడా ఆయనకు బండి మీదే ధ్యాస. ఒకరోజు నన్ను దగ్గరికి పిలిచి, ఒక్కో మాటా కూడగట్టుకుని చెప్పాడు. "తిప్పుతుండు బిడ్డా. ఊకె నిలవెడితే పట్టేస్తది." అప్పటినుంచి ప్రతి ఆదివారం సందులోకి పోయి, పెట్రోలు తెరవకుండా, నాలుగైదుసార్లు మెల్లగా కిక్ తొక్కేదాన్ని. కిటికీలోంచి ఆయన వినేవాడు. తుస్సుమన్నప్పుడల్లా ఎడమ చేతి వేలు ఒకటి పైకి లేపేవాడు. అంతే, మా ఇద్దరి మధ్య ఆ రోజుల్లో సంభాషణ అదే. ఇంట్లో అందరూ ఆయనకు కాళ్లు ఒత్తారు, మందులు పోశారు, దిష్టి తీశారు. ఆయన అడిగిన పని మాత్రం నేనొక్కదాన్నే చేశానని నాకు గర్వంగా ఉండేది. ఇప్పటికీ ఉంది.

బాపు పోయాక దినాలన్నీ అయ్యేదాకా బండి జోలికి ఎవరూ పోలేదు. ఆ తర్వాత వచ్చిన మొదటి ఆదివారం నేను అలవాటుగా సందులోకి పోయాను. బండి సీటు మీద బాపు ఫొటో ఉంది, దండ వేసి. ట్యాంకు మీద పసుపు కుంకుమ. ఫొటోను జాగ్రత్తగా తీసి కిటికీలో పెట్టి కిక్ మీద కాలు పెట్టాను. చిన్నబాపు దుకాణంలోంచి చూసి పరుగున వచ్చాడు. కొట్టలేదు, కొట్టినా బాగుండేది. "కాలు తియ్యి. అన్న కూసున్న బండి అది. దాన్ని తంతవా?" అన్నాడు. బాపే తిప్పమన్నాడని చెప్పాను. బతికున్నప్పుడు అన్నాడు, ఇప్పుడు ఆయన దేవుడు, ఇప్పుడు కాలు తగలొద్దు అన్నాడు. అమ్మ గడప దగ్గరికి వచ్చింది. ఆమె వైపు చూశాను. ఆమెకు తెలుసు బాపు ఏం చెప్పాడో, మంచం పక్కనే ఉంది ఆ రోజు. కానీ వద్దన్నట్టు తల ఊపింది. నాయనమ్మ ఒక్కతే ఏదో అనబోయింది, కొడుకు ముఖం చూసి లోపలికి పోయింది. ఆ సాయంత్రమే సందుకు తడక కట్టి తాళం వేశారు. దానికి కిక్ తప్ప ఇంకో తాళం చెవి లేదని, కాలితో తప్ప దాన్ని ఎవరూ లేపలేరని, కాలు తగలొద్దంటే చచ్చిపొమ్మన్నట్టేనని ఎంతగానో అరిచాను. ఆడపిల్లకు అంత రోషమేంటని అందరూ విస్తుపోయారు.

అదిగో అక్కడినుంచి మొదలైంది ఆ పూజ. ప్రతి దసరాకు తడక తీసేవాళ్లు. నీళ్లు చల్లేవాళ్లు, పసుపు రాసేవాళ్లు, నిమ్మకాయలు కట్టేవాళ్లు, ముందు చక్రం మీద కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు ఇంజన్ మీద పోసేవాళ్లు. చిన్నబాపు చెప్పులు విడిచి, చేతులు జోడించి, అన్నా అన్నా అంటూ కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. ఆయన దుఃఖం అబద్ధం కాదు. అదే నాకు ఎక్కువ కోపం. అబద్ధమైతే ఎదిరించేదాన్ని. పెళ్లయ్యాక, టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఉద్యోగం వచ్చాక కూడా పండక్కి పుట్టింటికి పోతే ఆ తతంగం చూడాల్సి వచ్చేది. ఒక ఏడు ఉండబట్టలేక, కనీసం చేత్తోనైనా వెనక చక్రం తిప్పండి, గేర్‌లో వేసి తిప్పితే లోపల పిస్టన్ కదులుతుంది అన్నాను. పూజ చేసిన బండిని కదిలించొద్దన్నారు. ఆ తర్వాత దసరాకు పుట్టింటికి పోవడం మానేశాను. నా స్కూటర్ మీద ఆఫీసుకు పోతూ ఆ గల్లీ మలుపు వచ్చినప్పుడల్లా కళ్లు తిప్పుకునేదాన్ని. ఒక మనిషి నోరారా చెప్పిపోయిన మాటను కాదని, ఆ మనిషికే దండలు వేయడం ఎంత సులువో నాకు మా ఇంట్లోనే తెలిసింది.

గౌస్ భాయ్ షెడ్డులో కిక్ మీద చెయ్యి పెట్టి నొక్కాను. రాతిలో పాతినట్టుంది. అప్పటికే ఆయన ప్లగ్గు తీసి డీజిలు పోసి నానబెట్టాడట. తుప్పు వదలడానికి వాడే మందు కూడా కొట్టాడట. టాప్ గేర్‌లో వేసి వెనక చక్రాన్ని ఇద్దరు పట్టి ఊపితే చైను బిగిసిందే కానీ పిస్టన్ కదల్లేదు. నా ముందే ఇంజన్ పైమూత విప్పాడు. లోపల పిస్టన్ నెత్తి కనిపించింది. ముదురు పసుపు రంగులో, నిగనిగలాడుతూ, వార్నిష్ పూసినట్టు. తుప్పు అక్కా, కొబ్బరి నీళ్లు దిగినయి అన్నాడు ఆయన. తుప్పు నిగనిగలాడుతుందా గౌస్ భాయ్ అన్నాను. ఏదైతేంది అని, ఒక చెక్క ముక్క పిస్టన్ మీద పెట్టి సుత్తి ఎత్తాడు. నేను అడ్డం పడ్డాను. "కొడితే పలుగుతది గౌస్ భాయ్. సుత్తి వెయ్యొద్దు," అన్నాను. దసరా దగ్గరికొచ్చింది, కొట్టకపోతే ఎట్లా వస్తది అక్కా అని ఆయన వాదన. అటు వంశీ రోజూ ఫోను, రంగు ఎప్పుడు, వెల్డింగ్ ఎప్పుడు అని. ఆయనకూ విసుగు పుట్టింది. మీ ఇంటోళ్లే నెత్తిన పెట్టుకుని దీన్ని చంపిండ్రు, ఇప్పుడు సుత్తి పడొద్దంటే నేనేం చెయ్యాలె అని విసుక్కున్నాడు. ఆ మాటతో మాత్రం నేను వాదించలేదు.

సుత్తి వద్దన్నాను కనుక వేడి పెడతానన్నాడు. మంట ముట్టించి, సిలిండర్ చుట్టూ మెల్లగా ఆడించాడు. కాసేపటికి సన్నగా పొగ లేచింది. ఆ వాసన నా ముక్కుకు తగలగానే నేను ఆ షెడ్డులో లేను. ఎండుగడ్డి, దానిలో కాస్త చేదు. నాయనమ్మ నడుముకు దోపుకున్న బనియను గుడ్డ, చివరి డబ్బా, బిగిసిన నల్లా. మంట ఆపమన్నాను. వంగి మళ్లీ వాసన చూశాను. సందేహం లేదు, ఇది తుప్పు కాదు, కుసుమ నూనె. కొబ్బరి నీళ్లు ఎంత దిగాయో కానీ పిస్టన్‌ను పట్టుకున్నది ఎండి గట్టిపడిన కుసుమ నూనె. గౌస్ భాయ్‌కి చెప్పాను. ఇంజన్‌లో కుసుమ నూనె ఎవరు పోస్తరు అక్కా, పూరీలు చేసుకున్నరా అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఎవరు పోశారో అప్పటికే తెలిసిపోయింది.

అక్కడినుంచే ఆటో మండిబజారుకు తిప్పించాను. చిన్నబాపు ఇప్పటికీ అదే ఇంట్లో, బాపు మంచం ఉన్న ముందు గదిలోనే ఉంటున్నాడు. బాగా ముసలివాడయ్యాడు, కర్ర లేనిదే లేవలేడు, చూపు మాత్రం బాగుంది. నన్ను చూసి చాలా సంతోషపడ్డాడు. చాయ్ పెట్టమని లోపలికి కేకేశాడు. నేను కూర్చోకుండానే అడిగాను, బండిలో నూనె పోశావా అని. ఆయనకు దాచాల్సింది ఏముంది, వెంటనే చెప్పాడు. "ఏటేట దసరాకు పోసిన బిడ్డా. ఆ పైన బిగించే ప్లగ్గు తీపిచ్చి, దీపానికి పోసే గరిటెతోని పోసిన. ఇంజన్‌కు నూనె ఉండాలె అని అన్న అనేటోడు గద. మన దుకాణంల అన్నిటికన్న మంచి నూనె అదేనాయె." ఎంత భక్తిగా చెప్పాడో. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. నల్లా కొసన ఒక చుక్క ఎండితేనే బిగుసుకుంటుందని పుట్టినప్పటినుంచి చూసిన మనిషి. ఆ నూనె గుణం వరంగల్‌లో ఆయనకంటే ఎవరికి ఎక్కువ తెలుసు. కానీ అది దుకాణం నూనె, ఇది పూజ నూనె. పూజ అనేసరికి తెలిసినదంతా పక్కన పెట్టేశాడు. గరిటెకు ఉన్న అర్హత నా కాలికి లేకపోయింది.

"అట్ల పొయ్యొద్దుండెనా? తప్పయిందా బిడ్డా?" అని అడిగాడు. ముసలివాడు, నొచ్చుకుంటాడు, అబద్ధమో మౌనమో చాలు అని ఎవరైనా అనవచ్చు. నేను అట్లా అనుకోలేదు. "తప్పే అయింది చిన్నబాపూ," అన్నాను. "బాపు తిప్పుమన్నడు. నన్ను తన్ననిస్తే నీ నూనెతోని పనే లేకుండె." ఆయన కిటికీలోంచి ఖాళీ సందు వైపు ముఖం తిప్పుకున్నాడు. చాయ్ వచ్చింది. తాగకుండానే వచ్చేశాను.

కుసుమ నూనె అని తెలిశాక పని మారిపోయింది. పెయింట్ల వాళ్లు వాడే థిన్నర్ అయితే దాన్ని కరిగిస్తుందన్నాడు గౌస్ భాయ్. పిస్టన్ నెత్తి మీద నిండుగా పోసి, ఆవిరైపోకుండా మూత పెట్టి వదిలేశాడు. మర్నాడు చూస్తే పైన గోధుమరంగు బంక, బెల్లం పాకంలా సాగుతోంది. తీసేసి మళ్లీ కొత్తగా పోశాడు. ఇంకో రోజు. మళ్లీ. ఆయనకు ఓపిక తక్కువ, రోజూ ఒకసారైనా సుత్తి వైపు చూసేవాడు. నేను రోజూ పోయి కూర్చునేదాన్ని. చివరికి థిన్నర్ అంతా తీసి శుభ్రంగా తుడిచాక, పక్క మగ్గాల ఇంటి నుంచి వేడి నీళ్లు అడిగి తెప్పించి, గోనె గుడ్డ ముంచి సిలిండర్ చుట్టూ చుట్టాను. చల్లారితే మళ్లీ చుట్టాను. ఇటు కాస్త అటు కాస్త, బలం పెట్టొద్దు అని చెప్పాను. ఆయన టాప్ గేర్‌లో వేసి వెనక చక్రం పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపుతున్నాడు. నేను పిస్టన్ నెత్తి మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత చేతి కింద వెంట్రుకవాసి కదలిక. నేను భ్రమపడ్డానేమో అనుకున్నాను. గౌస్ భాయ్ కూడా ఊపడం ఆపి నా వైపు చూశాడు. మళ్లీ ఊపమన్నాను. ఈసారి కిర్రుమని చప్పుడయ్యి, పిస్టన్ నా అరచెయ్యి వదిలి కిందికి జారింది. అల్లా అన్నాడు ఆయన, మెల్లగా. మగ్గం ముందున్న ఆడవాళ్లు ఏమైందని తొంగి చూశారు. నేను కొంగుతో ముఖం తుడుచుకున్నాను, చెమట ఒకటే కాదు తుడుచుకున్నది.

ఆ తర్వాత పిస్టన్ బయటికి తీసి రింగులు విడిపించి, అంతా కడిగి తిరిగి బిగించడానికి, కార్బరేటర్ విప్పి శుభ్రం చేయడానికి ఇంకొన్ని రోజులు పట్టింది. ఆ రోజుల్లో వంశీతో రెండుసార్లు గొడవపడ్డాను. వాడు చెడ్డవాడు కాదు, బాపు బండి మీద వాడికీ ప్రేమే. ఆ ప్రేమే నాకు భయం. వాళ్ల తాత బండిని సందులో పెట్టి తాళం వేశాడు, వీడు దిమ్మె మీద పెట్టి అద్దాలు బిగిస్తానంటున్నాడు. ఆయన కుంకుమ, వీడి ఎర్ర రంగు. ఆయన కాలు పెట్టొద్దన్నాడు, వీడు లోపల వెల్డింగ్ చేయిస్తానన్నాడు. నాడు చేతులు జోడించారు, నేడు ఫోన్లు ఎత్తి పట్టుకుంటారు. మా బాపును చూసిన ఒక్క మనిషి మిగలని రోజు వచ్చాక కూడా గోడ మీద నాలుగు వాక్యాలు ఉంటాయి, అవి అబద్ధాలే అయినా. మనవాళ్లు ఏ వస్తువునైనా గౌరవించడం మొదలుపెట్టారంటే దాని పని అయిపోయినట్టే. నూనె దుకాణం గౌరవించడానికి కాదు, నూనె కొలవడానికి. బండి ఉన్నది పోవడానికి. ఈ మాటే వాడికి చెప్పాను. నీతో పడలేం అత్తమ్మా అన్నాడు.

దసరాకు ముందురోజు పొద్దున షెడ్డుకు రమ్మని గౌస్ భాయ్ ఫోన్ చేశాడు. చీర కాకుండా పంజాబీ డ్రెస్ వేసుకుని పోయాను. నా వెనకే వంశీ కారు వచ్చి ఆగింది. వాడు ముందు దిగి, వెనక తలుపు తీసి చిన్నబాపును చెయ్యి పట్టుకుని దింపాడు. నేను రమ్మనలేదు. ఆయనే పట్టుపట్టి వచ్చాడట. చేతిలో పళ్లెం, పళ్లెంలో కొబ్బరికాయ, పసుపు, కుంకుమ, చిన్న సీసాలో నూనె. ఆ సీసా చూడగానే మళ్లీ మండింది నాకు. పళ్లెం అందుకుని గౌస్ భాయ్ బల్ల మీద దూరంగా పెట్టాను. చిన్నబాపు అడ్డు చెప్పలేదు. కర్ర మీద రెండు చేతులు ఆనించి నిలబడ్డాడు. వంశీ ఫోన్ తీశాడు.

నేను కిక్ రాడ్డు బయటికి తిప్పి దాని మీద కాలు పెట్టాను. చిన్నప్పటినుంచి అలవాటు, కాలు తగలకూడనిదానికి తగిలితే ముట్టుకుని కళ్లకద్దుకోవడం. చెయ్యి దానంతటదే కిందికి పోయింది. వెనక్కి లాక్కున్నాను. అప్పుడు వినపడింది చిన్నబాపు గొంతు, మగ్గాల చప్పుడులో కూడా స్పష్టంగా.

"తన్ను బిడ్డా."

నలభై ఏళ్లకు పైగా ఆలస్యంగా వచ్చిన మాట. దానికోసం ఎదురుచూశానని ఆయన అనుకుని ఉంటాడు. లేదు, అప్పటికే నా కాలు కిక్ మీద ఉంది. మెల్లగా తొక్కాను. మధ్యలో బరువు తగిలింది. అదే బరువు, బిగబట్టిన ఊపిరి. దాన్ని దాటించాను, తుస్సుమంది. కిటికీ లేని చోట కిటికీ వైపు చూశాను. తర్వాత తన్నాను. మొదట అంటుకోలేదు. మళ్లీ తన్నాను. ఇంకోసారి తన్నేసరికి మొదట దగ్గి, తర్వాత ఫట్ ఫట్ ఫట్ అని అందుకుంది. పొగ గొట్టంలోంచి తెల్లటి పొగ, దాని నిండా మాడిన కుసుమ నూనె వాసన. అందరూ దగ్గారు. వంశీ ఫోన్ కింద పెట్టి నోరు తెరిచి చూస్తున్నాడు. గౌస్ భాయ్ నా చేతి మీదుగా చెయ్యి పెట్టి యాక్సిలరేటర్ సరిచేశాడు. బండిని స్టాండు మీంచి దింపాక నేను సీటు మీద ఎక్కి కూర్చున్నాను.

చిన్నబాపు బండికి చేతులు జోడించి, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. నా కోపం పోలేదు, పోతుందని ఎదురుచూడడం కూడా లేదు. కానీ ఆయన ఆ బండి మీద ఒక్కసారి కూడా ఎక్కలేదని అప్పుడు గుర్తొచ్చింది. బాపు ఉన్నప్పుడు భయపడ్డాడు, పోయాక దండం పెట్టాడు.

"దండం చాలు చిన్నబాపూ. ఎక్కు," అన్నాను.

ఆయన కళ్లు తెరిచి నన్ను చూశాడు, వంశీని చూశాడు. కర్ర వంశీ చేతికిచ్చాడు. బండి దగ్గరికి వచ్చి, సీటు పట్టుకుని, అలవాటు కొద్దీ వంగి చెప్పులు విడవబోయాడు.

"చెప్పులు విడవకు," అన్నాను. "కాలు పెట్టి ఎక్కు."

చెప్పు కాలు ఫుట్‌రెస్టు మీద పెట్టాడు. రెండు చేతులూ నా భుజాల మీద పడ్డాయి. నేను గేరు వేశాను.